బీమ్‌కి మొహమాటం లేదు

మొన్న మంగళవారం పొద్దున ఏడున్నరకి ఆంటీవాళ్ళ అమ్మాయి ఫోన్ చేసింది. నేనప్పుడే ల్యాబ్ పార్కింగ్ లాట్‌లో కారు ఆపాను. "అక్కా, అమ్మ పోయింది. నిద్రలోనే. పిన్ని పక్కనే ఉంది," అంది తెలుగులో. తర్వాత ఇంగ్లిష్‌లో ఇంకేదో అంది, అది నాకు బుర్రకెక్కలేదు. వస్తున్నానని చెప్పి పెట్టేశాను.

ఆ తర్వాత నేను చేసిన పని మీకు వింతగా అనిపించొచ్చు. సరాసరి వాళ్ళింటికి వెళ్ళకుండా కంట్రోల్ రూమ్‌లోకి నడిచాను. తెర ముందు నిలబడి బీమ్ ఎలా ఉందో చూశాను. బాగానే ఉంది. ఆంటీతోనూ నాతోనూ ఏళ్ళ తరబడి పనిచేసిన ఆపరేటర్ జిమ్ అక్కడే ఉన్నాడు. అతనికి విషయం చెప్పాను. తలమీది టోపీ తీసి కన్సోల్ మీద పెట్టాడు. "నీ షిఫ్ట్ నేను చూసుకుంటా, నువ్వెళ్ళు," అన్నాడు. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

మీలో చాలామందికి ఆవిడ తెలుసు. మన నేపర్‌విల్‌లో ఎవరింట్లో పాట్‌లక్ అని తలా ఒక వంటతో చేరినా పనసపొట్టు కూర తెచ్చే ఆంటీగా తెలుసు, డాక్టర్‌గారి భార్యగా తెలుసు. ముప్పై ఏళ్ళకి పైగా ప్రోటాన్లని ఢీకొట్టించే కొలైడర్ అనే యంత్రాన్ని నడిపిన మనిషిగా ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే. ఆవిడ చెప్పుకునే రకం కాదు. ఎవరైనా అడిగితే "ఏదో ల్యాబ్‌లో ఆపరేటర్‌నమ్మా," అనేవారు. వాళ్ళు టెలిఫోన్ ఆపరేటరేమో అనుకుని ఊరుకునేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

పేరు మాత్రం రాయను. ఆవిడ ఉండగా ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు, ఇప్పుడు చెయ్యి రావడం లేదు. కంట్రోల్ రూమ్‌లో అందరూ ఆవిడ పేరులో సగం మింగేసి మిగతా సగంతో పిలిచేవారు. నేను కొత్తగా చేరినప్పుడు ఆఫీసులో ఆంటీ అనొచ్చో లేదో తేలక, ఆవిడ ఇటు తిరిగేదాకా కుర్చీ పక్కన నిలబడి దగ్గేదాన్ని. నెల రోజులు దగ్గాను. చివరికి ఆవిడే విసుక్కుని, "ఆంటీ అనే ఏడువు. నీ దగ్గుకి జిమ్ దూరంగా జరిగి కూర్చుంటున్నాడు," అన్నారు.

నేను ఖమ్మం నుంచి ఎలక్ట్రికల్‌లో మాస్టర్స్ చేయడానికి వచ్చాను. చదువు అయిపోయింది, వీసా గడువు దగ్గర పడుతోంది, ఉద్యోగం లేదు. అలాంటి రోజుల్లో ఒక స్నేహితురాలి ఇంట్లో బారసాలకి వెళ్తే, నా పళ్ళెంలో అడక్కుండా రెండోసారి పులిహోర వేస్తూ, "నీకు ఆసిలోస్కోప్ వాడ్డం వచ్చా?" అని అడిగిందొకావిడ. జరీ చీర, చేతిలో గరిటె, నోట్లో ఆసిలోస్కోప్. కరెంటు సిగ్నల్ని తెర మీద గీతగా చూపించే ఆ పరికరం కాలేజీలో వాడాను, వచ్చన్నాను. "షిఫ్ట్ డ్యూటీ. చలికాలం కూడా పొద్దున్నే రావాలి. మగాళ్ళెక్కువ, కానీ మంచివాళ్ళే. రెజ్యుమే పంపించు," అన్నారు. నా అమెరికా జీవితం ఆ గరిటె దగ్గర మొదలైంది.

ఆవిడ పనేమిటో కాస్త చెప్పాలి. మా ల్యాబ్‌లో భూమి కింద రెండు రింగులున్నాయి, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. ప్రోటాన్లు చిన్న రింగులో తిరిగి వేగం పుంజుకుని పెద్ద రింగులోకి మారాలి. అక్కడ అవి ఎదురెదురుగా వచ్చి ఢీకొంటాయి. ఆ ప్రోటాన్ల ప్రవాహాన్నే బీమ్ అంటాం. చిన్న రింగు నుంచి పెద్ద రింగుకి దాన్ని తోసేది కిక్కర్ అనే మాగ్నెట్. చిక్కల్లా ఆ మాగ్నెట్ పుంజుకోవడానికి కొంత సమయం పడుతుంది. సెకనుని వంద కోట్ల ముక్కలు చేస్తే ఒక్కో ముక్కని నానోసెకను అంటారు. అలాంటివి కొన్ని పదులు పడతాయి. ఆ లోపల దాని ముందు నుంచి వెళ్ళే ప్రోటాన్లకి సగం తోపుడే తగిలి, అటూ ఇటూ కాకుండా పైపు గోడకి కొట్టుకుంటాయి. అందుకని బీమ్‌లో కావాలనే ఒక చోట ఖాళీ ఉంచుతారు. ఆ ఖాళీ ఎదురుగా వచ్చినప్పుడే కిక్కర్ లేవాలి.

"చిన్నప్పుడు తాడాట ఆడావా?" అని అడిగారు ఆంటీ మొదటి రోజు. "ఇద్దరు తాడు తిప్పుతుంటే మూడోది లోపలికి దూరుతుంది చూడు. తాడు పైకి లేచినప్పుడే దూరాలి. ముందు దూరినా కొడుతుంది, తర్వాత దూరినా కొడుతుంది. మన ఉద్యోగం ఇంతే."

ఇంతే అన్నారు గానీ అంత తేలిక కాదు. చలి పోయి ఎండ వస్తే కేబుళ్ళలో సిగ్నల్ నడిచే సమయం కూడా రవ్వంత మారుతుంది. ఏటా మార్చిలోనూ అక్టోబర్‌లోనూ టైమింగ్ జారుతుంది. అప్పుడు ఆంటీ కన్సోల్ ముందు కూర్చునేవారు. ఫ్లాస్కులో ఇంటి నుంచి తెచ్చిన అల్లం టీ, భుజాల మీద శాలువా, చీర కొంగు బదులు ల్యాబ్ వాళ్ళిచ్చిన ఫ్లీస్ జాకెట్. గోడకి కొట్టుకుని పోయే ప్రోటాన్లని మేము లాసెస్ అంటాం, తెర మీద వాటి లెక్క రెండు గ్రాఫులుగా ఉంటుంది. కిక్కర్ తొందరపడితే ఎడమవైపు గ్రాఫు పెరుగుతుంది, ఆలస్యమైతే కుడివైపుది పెరుగుతుంది. రెండూ తక్కువగా ఉండే చోటు పట్టుకోవాలి. ఆవిడ రెండు నానోసెకన్లు జరిపేవారు. పది సార్లు బీమ్ వచ్చి వెళ్ళేదాకా చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసేవారు. మళ్ళీ రెండు జరిపేవారు. నాకు ఓపిక తక్కువ, ఒకేసారి ఇరవై జరుపుదామనిపించేది. "మార్చేది కొంచెం, చూసేది ఎక్కువ," అనేవారు నా వేళ్ళ వంక చూసి.

లాసెస్ తగ్గాయని సంబరంగా చెబితే ఆవిడకి ఆనేది కాదు. "తగ్గాయంటే నాకేం తెలుస్తుంది? ఎంత?" అనేవారు. వంటింట్లో కూడా అంతే. ఉప్పు సరిపోయిందా అని ఆవిడ అడిగినప్పుడు బాగుందంటే ఊరుకునేవారు కాదు, చాలిందో ఇంకా పడుతుందో తేల్చమనేవారు.

ఆ లాసెస్ గురించి అంత పట్టింపు ఎందుకో నాకు మొదట్లో అర్థం కాలేదు. కోట్ల కోట్ల ప్రోటాన్లలో గుప్పెడు గోడకి తగిలితే ఏమైంది అనుకునేదాన్ని. ఒక మెయింటెనెన్స్ రోజున ఆవిడ నన్ను టన్నెల్ తలుపు దగ్గరికి తీసుకెళ్ళారు. లోపల పనిచేసిన టెక్నీషియన్లు ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు. ఆవిడ జంతికల డబ్బా మూత తీసి పట్టుకుని, ప్రతివాడినీ అతని జేబులో ఉన్న మీటరు ఎంత చూపించిందో అడుగుతున్నారు. ప్రోటాన్లు తగిలిన చోట రేడియేషన్ మిగిలిపోతుంది. మెషిన్ ఆపాక సరిగ్గా అక్కడే వీళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని బోల్టులు విప్పాలి. "మనం పైన కూర్చుని పారేసేది వీళ్ళ ఒంటి మీద పడుతుందే," అన్నారు తిరిగి నడుస్తూ. ఆ రోజు నుంచి నేను కూడా రెండేసి నానోసెకన్లే జరిపాను.

తప్పు చేస్తే ఆవిడ అరిచేవారు కాదు. ఎవరు మార్చారో, ఎంత మార్చారో చెప్పమనేవారు, అంతే. తన తప్పు కూడా అలాగే చెప్పుకునేవారు. జిమ్ కుర్చీ వెనక్కి వాల్చి, "అమ్మా తల్లీ, నువ్వు పక్క మీట తిప్పుతున్నావు," అని ఇంగ్లిష్‌లో అంటే, "అయ్యో, అవును," అని నవ్వి సరిచేసుకునేవారు. జిమ్ ఆవిడకన్నా పదిహేనేళ్ళు చిన్న. నాకు చివుక్కుమనేది. అంత చిన్నవాడు పెద్దావిడని అలా అనొచ్చా అని నాలో నేను గొణుక్కునేదాన్ని. ఆవిడ ఒకసారి కనిపెట్టేశారు. "బీమ్‌కి మొహమాటం లేదు. వాడికీ లేదు. అందుకే వాణ్ణి పక్కన కూర్చోపెట్టుకుంటాను," అన్నారు.

ఇక్కడి నుంచి రాయడం కష్టం. కానీ ఇది రాయకపోతే మిగతాదంతా రాసి ప్రయోజనం లేదు.

ఆవిడ రిటైర్ అయిన ఏడాది మార్చిలో జిమ్‌ని వేరే షిఫ్టుకి మార్చారు. ఆంటీ పక్క కుర్చీలోకి నేనొచ్చాను. ఎప్పటిలాగే టైమింగ్ జారింది, ఆవిడ సరిచేయడానికి కూర్చున్నారు. రెండు జరిపారు, చూశారు. ఇంకో రెండు. కుడివైపు గ్రాఫు దాదాపు నేలకి అంటుకుంది. ఎడమవైపుది మెల్లగా లేస్తోంది. ఆపుతారనుకున్నాను. ఇంకో రెండు జరిపారు. "చక్కగా వచ్చింది," అని శాలువా సర్దుకున్నారు.

నాకు నోరు రాలేదు. ముప్పై ఏళ్ళుగా చేస్తున్న మనిషి, నాకు పని నేర్పిన మనిషి, ఎడమవైపు చూడండి ఆంటీ అని ఎలా చెప్పడం? ఆవిడకి తెలియనిది నాకు తెలుస్తుందా అనుకున్నాను. కాదు, అది అబద్ధం. తప్పని నాకు తెలుసు. ఆవిడ చిన్నబుచ్చుకుంటారని చెప్పలేదు. మూడున్నరకి ఆవిడ ఇంటికెళ్ళాక, నాలుగు నానోసెకన్లు వెనక్కి జరిపాను. లాగ్‌బుక్‌లో "చిన్న సర్దుబాటు" అని రాశాను.

ఎండ పెరిగేకొద్దీ టైమింగ్ జారుతూనే ఉంది, మళ్ళీ వారం అదే జరిగింది. ఆ పై వారం కూడా. ఆవిడ తప్పుగా జరిపేవారు, ఆవిడ వెళ్ళాక నేను వెనక్కి లాగేదాన్ని. పొద్దున్నే వచ్చి అంకెలు చూసుకుని ఆవిడ తృప్తి పడేవారు. ఆ తృప్తి చూసి నాకు నా మీద నాకే మెచ్చుకోలుగా ఉండేది. ఎంత మర్యాద తెలిసినదాన్నో అనుకునేదాన్ని. అలా జులై దాకా నడిచింది.

జులైలో మా బాబుకి ఫ్లూ వచ్చి వారం సెలవు పెట్టాను. ఆ వారం వెనక్కి లాగేవాళ్ళు లేరు. ఆంటీ టైమింగ్ ముట్టుకున్నారంటే ఇంకెవరూ దాని జోలికి వెళ్ళరు. అలారం మోగేంత పెద్ద లాస్ కూడా కాదు అది, రోజంతా కొంచెం కొంచెం. మెయింటెనెన్స్ రోజున కొలిచి చూస్తే కిక్కర్ దగ్గర రేడియేషన్ ఎక్కువగా ఉంది. ఇద్దరు టెక్నీషియన్లని లోపలికి పంపకుండా ఆపేశారు. పని నాలుగు రోజులు వాయిదా పడింది.

నేను తిరిగి వచ్చేసరికి ఆంటీ కన్సోల్ దగ్గర ఒక్కరే ఉన్నారు. ఎవరు ఏ మీట ఎప్పుడు తిప్పారో మెషిన్ తనంతట తనే రాసి పెట్టుకుంటుంది. అదంతా ఆవిడ ప్రింట్ తీశారు. మార్చి నుంచి ప్రతి వారం మూడున్నర తర్వాత నా పేరే ఉంది.

"ఇవేమిటి?" అన్నారు. కోపం లేదు గొంతులో, నిజంగా తెలుసుకోవాలనే అడిగారు.

"ఎడమ గ్రాఫు పెరుగుతుంటే తగ్గించిన ఆంటీ," అన్నాను.

"ఏ ఎడమ గ్రాఫు?"

చూపించాను. ఆవిడ తెర వైపు చూశారు. తర్వాత తలంతా ఎడమవైపుకి తిప్పి చూశారు. మళ్ళీ తిన్నగా చూశారు. మళ్ళీ తల తిప్పారు. అలా మూడు నాలుగుసార్లు చేశారు. "ఇది ఇక్కడే ఉందా ఇన్నాళ్ళూ?" అన్నారు.

గ్లాకోమా. ఎడమ కన్ను అప్పటికే దాదాపు పోయింది. కుడికన్నులో ముక్కు వైపు చూపు పోవడం మొదలైంది. నొప్పి ఉండదట, చీకటిగా కూడా అనిపించదట. కనిపించని చోట ఏముందో మెదడే ఊహించి నింపేస్తుందట. పోయిన చూపు తిరిగి రాదు, చుక్కలు వేసి ఉన్నదాన్ని కాపాడుకోవాలంతే అన్నాడు కళ్ళ డాక్టర్. ఇంట్లో డాక్టర్ ఉండి కూడా ఎవరూ పసిగట్టలేదు. ఆవిడ కన్ను ఏదో వదిలేస్తోందని ఈ భూమ్మీద చూసిన మనిషిని నేనొక్కదాన్నే. మార్చిలోనే చూశాను. మార్చిలో ఒక్క మాట అని ఉంటే ఆవిడ మార్చిలోనే తల తిప్పి చూసేవారు. నాలుగు నెలల్లో ఎంత చూపు పోయిందని డాక్టర్‌ని నేనే అడిగాను. అది ఎవరూ చెప్పలేరన్నాడు.

పరీక్షలన్నీ అయ్యాక ఒక రోజు కాఫీ రూమ్‌లో కూర్చోపెట్టి అడిగారు. "జిమ్ అయితే చెప్పేవాడు కదా?"

"చెప్పేటోడు ఆంటీ."

"మరి నువ్వెందుకు చెప్పలేదు?"

"పెద్దవాళ్ళు మీరు. ఎట్ల చెప్పాలె?"

ఆవిడ టీ కప్పు బల్ల మీద పెట్టారు. "ఇంటికొచ్చినప్పుడు కాళ్ళకి దండం పెట్టు, కాదనను. కన్సోల్ దగ్గర నాకు చెయ్యాల్సిన మర్యాద నా తప్పు నాకు చెప్పడం. నువ్వు నాకు ఆ ఒక్క మర్యాదే చెయ్యలేదమ్మాయ్," అన్నారు. ఆ తర్వాత కప్పు కడిగి బోర్లించి వెళ్ళిపోయారు. మూడు నెలల్లో రిటైర్ అయ్యారు. కేకు కోశారు, అందరికీ జంతికలు పంచారు, నాకు కూడా పంచారు.

ఇక్కడి ఊళ్ళలో కారు నడపలేకపోతే మనిషి ఇంట్లో బందీ అయినట్టే, మీకు తెలుసు. ఆవిడ తాళాలు అంకుల్ చేతికిచ్చేశారు. అంకుల్‌కి హైవే అంటే గుండెదడ. నేను శనివారాలు వెళ్ళడం మొదలుపెట్టాను. వద్దనలేదు, రమ్మనలేదు. గంట ముందే తయారై గరాజ్ దగ్గర సంచి పట్టుకుని నిలబడి ఉండేవారు. ఇండియన్ స్టోర్‌లో వంకాయలు చేత్తో తడిమి ఏరేవారు. రూట్ ఫిఫ్టీనైన్ మీద ప్రతి రెడ్ లైట్ దగ్గరా సెకన్లు లెక్కపెట్టి, "ఈ సిగ్నల్స్ పెట్టినవాణ్ణి నా దగ్గరికి తీసుకురా," అనేవారు. నేను బ్రేక్ ఆలస్యంగా వేస్తే చూడకుండానే తెలిసిపోయేది ఆవిడకి. ఆరేళ్ళు అలా తిరిగాం. మా అమ్మతో కూడా నేను అన్ని శనివారాలు గడపలేదు.

మెషిన్ సంగతులు అడిగేవారు. ఎంత ఇంటెన్సిటీ, ఎంత లాస్, అన్నీ అంకెల్లో చెప్పేదాన్ని. ఆ నాలుగు నెలల సంగతి మాత్రం ఎప్పుడూ ఎత్తలేదు. ఒకసారి స్టోర్ నుంచి వస్తూ నేనే ధైర్యం చేశాను. "ఆంటీ, ఆ రోజు నేను చెప్పి ఉంటే..." అని మొదలుపెట్టాను. "రైట్ లేన్‌లోకి మారు, ఎగ్జిట్ దాటిపోతావు," అన్నారు. మారాను. మళ్ళీ ఆ మాట ఎత్తే ధైర్యం రాలేదు. క్షమించారో, నాతో ఆ మాట మాట్లాడ్డం అనవసరమనుకున్నారో తేల్చుకోలేకపోయాను. నా మీద పెట్టుకున్న నమ్మకం ఒకటి ఆ కాఫీ రూమ్‌లో పోయింది. ఆరేళ్ళూ నేను కారు నడిపింది దాని కోసమే.

ఈ జనవరిలో ఆవిడకి కేన్సర్ అని తేలింది. మార్చికల్లా లివర్‌కి పాకింది. ఇక మందు పనిచేయదు, ఇంట్లోనే నొప్పి లేకుండా చూసుకోండి అని డాక్టర్ చెప్పినప్పుడు ఆవిడ మందుల మగతలో ఉన్నారట. మెలకువ వచ్చాక నేను చెప్తానని అంకుల్ అన్నారట. చెప్పలేదు.

వాళ్ళ వంటింట్లో ఆయన నా చేతులు పట్టుకున్నారు. నలభై ఏళ్ళు ఇతరుల ఇళ్ళల్లోవాళ్ళకి ఇలాంటి కబుర్లు చెప్పిన డాక్టర్ ఆయన. "వేసవికల్లా లేచి తిరుగుతావని చెప్పానమ్మా. నువ్వు కూడా అదే చెప్పు. ధైర్యం పోతే మనిషి నిలవదు," అన్నారు. వాళ్ళమ్మాయి స్టవ్ దగ్గర నిలబడి, "డాడ్, దట్స్ నాట్ ఫెయిర్ టు హర్," అంది. తర్వాత నా వైపు తిరిగి, "నా మాట వినడు అక్కా," అంది.

గదిలోకి వెళ్ళాను. ఆవిడ ఇంకా చిక్కిపోయారు. "ఈ పక్కకి రా, కనిపిస్తావు," అన్నారు. మంచం చుట్టూ తిరిగి కుడివైపు కుర్చీలో కూర్చున్నాను. మా ఆఫీసు సంగతులు, బాబు స్కూలు సంగతులు అయ్యాయి. అంకుల్ మంచినీళ్ళు తెచ్చి పెట్టి వెళ్ళేదాకా ఆంటీ ఆగారు.

"వేసవికి బాగైపోతావంటున్నారు అందరూ," అన్నారు. "మా చెల్లెల్ని అప్పటికి రమ్మందామనుకుంటున్నా. దానికి వీసా ఉంది. ఎండాకాలంలో అయితే ఇద్దరం పెరట్లో కూర్చోవచ్చు. రమ్మననా?"

బాపట్లలో ఉన్న ఆ చెల్లెలు ఆవిడ కన్నా రెండేళ్ళు చిన్న. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకుని పదేళ్ళు దాటింది. ఆంటీ నా మొహంలోకి చూస్తున్నారు. మిగిలిన కాస్త చూపునీ నా మీదే పెట్టి చూస్తున్నారు. ఈ ప్రశ్న ఇంట్లో ఎవరినీ అడగకుండా నా కోసం అట్టిపెట్టారని అర్థమైంది. గుమ్మం అవతల అంకుల్ చెప్పులు చప్పుడవుతున్నాయి. అవునాంటీ అందామని నాలిక చివరిదాకా వచ్చింది.

"వేసవి దాకా ఆగొద్దు ఆంటీ," అన్నాను. "ఇది తగ్గేది కాదు."

"ఎన్నాళ్ళు?"

"వారాలే అన్నరట."

"ఎన్ని?"

"మూడు. నాలుగు కావచ్చు."

ఆవిడ తలూపారు, కన్సోల్ దగ్గర అంకె చెబితే ఊపినట్టే. కాసేపటికి కళ్ళ నుంచి నీళ్ళు కారాయి, తుడుచుకోలేదు. నేను కూడా తుడవలేదు. "ఫోన్ ఇలా ఇవ్వు. అక్కడ ఇప్పుడు ఎంతవుతోంది?" అన్నారు. "సాయంత్రం ఏడు ఆంటీ," అన్నాను. "అయితే ఇంకా పడుకోలేదులే," అన్నారు. నేనే నంబర్ కలిపి చేతిలో పెట్టాను.

అంకుల్ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఫోన్ చేసి, "ఓహేర్ ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళి మా మరదల్ని తీసుకురాగలవామ్మా?" అని అడిగారు. ఆదివారం వెళ్ళి తీసుకొచ్చాను. చిన్న సూట్‌కేసు, పెద్ద ఊరగాయ డబ్బా, ఎవరిదో మగవాళ్ళ స్వెటరు వేసుకున్న చిన్న మనిషి. దారి పొడవునా "ఎలా ఉంది, ఎలా ఉంది," అని అడుగుతూనే ఉన్నారు. ఉన్నది ఉన్నట్టే చెప్పాను. మంచానికి ఏ పక్కన కూర్చోవాలో కూడా చెప్పాను.

పదిహేను రోజులున్నారు ఇద్దరూ ఆ గదిలో. మధ్యలో నేను నాలుగైదుసార్లు వెళ్ళి పావుగంట కూర్చుని వచ్చాను. ఆంటీతో ఒంటరిగా ఒక్క మాట మాట్లాడాలని ఉండేది. ఏం మాట నాకే తెలియదు. ఆవిడే ఏదో అంటారని ఎదురుచూసేదాన్ని, నిజం చెప్పాలంటే.

మొన్న సోమవారం, ఆ ఫోన్ రావడానికి ముందు రోజు, షిఫ్ట్ అయ్యాక నాలుగింటికి వెళ్ళాను. చెల్లెలుగారు కరివేపాకు తెమ్మంటే తీసుకెళ్ళాను. అంకుల్ తలుపు తీసి, "లోపలే ఉన్నారు, వెళ్ళమ్మా," అని సోఫాలో కూలబడ్డారు. గది గుమ్మం మంచానికి ఎడమవైపు, ఆంటీకి చూపు లేని పక్క ఉంటుంది. చెల్లెలుగారు మంచం మీదే కాళ్ళు ముడుచుకుని కుడి పక్కన కూర్చుని, ఆంటీకి మిగిలిన నాలుగు వెంట్రుకలకీ కొబ్బరినూనె రాసి దువ్వుతున్నారు. చిన్నప్పటి డ్రిల్లు టీచరు గురించి ఏదో చెబుతున్నారు. ఆంటీ పొట్ట పట్టుకుని చప్పుడు లేకుండా నవ్వుతున్నారు. "ఆపవే, నొప్పెడుతోంది," అంటున్నారు. అంత చిన్నపిల్లలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు.

పలకరిద్దామనుకున్నాను. వాళ్ళ మధ్యకి వెళ్ళడానికి మొహమాటపడ్డాను. రేపు షిఫ్ట్ అయ్యాక వద్దాం, రేపైతే తీరిగ్గా కూర్చోవచ్చు అనుకుని వెనక్కి అడుగు వేశాను. కాలి కింద చెక్క కిర్రుమంది.

"ఎవరో వచ్చినట్టున్నారే," అన్నారు ఆంటీ.

చెల్లెలుగారు గుమ్మం వైపు చూసేలోపు నేను గోడ చాటుకి జరిగిపోయాను.

"ఎవరూ లేరే," అన్నారావిడ.

కరివేపాకు పట్టుకుని అక్కడే కాసేపు నిలబడ్డాను. లోపల దువ్వెన మళ్ళీ కదలడం వినిపించింది.